జంట దెబ్బ

నాలుగో మర కూడా ఊడొచ్చింది. సంసోను దాన్ని మిగతా మూడింటి పక్కన సీసా మూతలో వేసి, పెట్టె పైరేకును గోటితో లేపాడు. లోపల అరచేయంత పచ్చ బోర్డు ఉంది. దాని పక్కన నల్లటి జిగురుతో అతికించిన ఇనప ముక్క ఒకటి ఉంది.

స్క్రూడ్రైవర్ మొనతో ఆ ముక్కను తట్టి చూశాడు. దానికి వైరు లేదు. బోర్డుతో ఏ సంబంధమూ లేదు. జిగురు కోసి బల్ల మీద పడేస్తే ఠంగుమంది.

"ఇదేందన్నా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న చిరంజీవి.

"బరువు."

"బరువంటే?"

"చేతిల పట్టుకుంటే మంచి మాల్ అనిపియ్యాలె గదా తమ్మీ. లోపల ఏం లేనోడు గిట్లనే బరువు పెంచుకుంటడు. మనుషుల్ల లేరా?"

చిరంజీవి నవ్వలేదు. అతని చేతిలో ఫోను ఉంది. పెట్టె విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ వీడియో తీస్తూనే ఉన్నాడు. లోపలి సామాను సంసోను ఎక్కడ మార్చేస్తాడోనని అతని అనుమానం. సంసోనుకు ఆ సంగతి తెలుసు, కోపం రాలేదు. తానే ఆ కుర్చీలో ఉంటే అదే పని చేసేవాడు.

"బల్ల మొత్తం పడేటట్టు తియ్యి. నా రెండు చేతులూ కనపడాలె" అన్నాడు.

విప్పింది సౌండ్ కార్డు. ల్యాప్‌టాప్‌లో కట్టిన సంగీతాన్ని బయటి బాక్సులకు పంపడానికీ, మైకులో పడిన శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి తేవడానికీ మధ్యలో ఉండే పెట్టె. పాటలు వినేవాడికి దానితో పని లేదు, ల్యాప్‌టాప్‌లో పుట్టుకతో ఉన్నదే సరిపోతుంది. పాట కట్టేవాడికీ, జనం ముందు అప్పటికప్పుడు వాయించేవాడికీ అది లేకపోతే చెయ్యి ఆడదు. చిరంజీవి దాన్ని ఫోన్లో చూసి తెప్పించుకున్నాడు. పెట్టె మీద పెద్ద పేరే ఉంది. ఆ పేరులో ఒక అక్షరం కొంచెం వంకరగా ఉందని సంసోను ముందే చూశాడు గానీ, విప్పేదాకా నోరు విప్పలేదు.

సంసోను దుకాణం గోదావరి వంతెనకు ఇవతల, సారపాకలో ఉంది. దుకాణానికి బోర్డు లేదు. బోర్డంటూ రాయిస్తే అందులో ఏదో ఒక అబద్ధం కలుస్తుందని అతని భయం. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. కుర్రతనంలో చెడిపోయిన టేప్‌రికార్డర్లు తెచ్చి విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. ఆ పైన చర్చి ఆంప్లిఫయర్లు, మిక్సర్లు, కీబోర్డులు చేతికొచ్చాయి. ఇప్పుడు ఏటి ఇవతలా అవతలా ఏ ప్రార్థన కూటం జరిగినా, ఏ పెళ్లిలో డీజే మోగినా, మూలిగిన యంత్రం అతని బల్ల మీదికే వస్తుంది.

అనుమానం మాత్రం పుట్టుకతో రాలేదు. ఒక గుడ్ ఫ్రైడే నాడు, సిలువ మీది ఏడు మాటల్లో మూడో మాట మీద ప్రసంగం నడుస్తుండగా, అతను బాగుచేసిన ఆంప్లిఫయర్ చర్చి నిండా పొగ కక్కింది. విప్పి చూస్తే కొత్తగా వేసిన ట్రాన్సిస్టర్లు నకిలీవి. పేరున్న కంపెనీ ముద్ర, లోపల ఉత్త మసి. ఆ రోజు నుంచి అతను దేన్నీ పైనుంచి చూసి ఒప్పుకోలేదు. కొత్త వైరు కొన్నా ముందు కొస గీరి రాగి రంగు చూస్తాడు. "నీకు సంసోనని పేరు పెట్టుడు తప్పయ్యా, వేలు పెట్టి చూస్తే గానీ నమ్మని తోమా పేరు పెట్టాల్సింది" అని పాస్టరుగారు నవ్వేవారు.

"బైబిల్ల సంసోను అనుమానపడకనే జుట్టు, బలం పోగొట్టుకున్నడు పాస్టరుగారూ."

"నువ్వు పడి ఏం దాచుకున్నవయ్యా?" అనేది పక్కనుంచి భార్య విశ్రాంతమ్మ, అతని బట్టతల వంక చూస్తూ.

చిరంజీవి వీడియో ఆపి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇనప ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అయితే తప్పంతా దీనిదేనా అన్నా?"

"చూద్దాం. ముందుగాల ఏం జరిగిందో చెప్పు."

చిరంజీవిది చర్ల అవతల అడవిలో ఉన్న ఇప్పలగుంపు. కోయగూడెం; గూడేన్ని అక్కడ గుంపు అంటారు. భద్రాచలంలో డిగ్రీ చదువుతూ ల్యాప్‌టాప్‌లో బీట్లు కట్టడం సొంతంగా నేర్చుకున్నాడు. రోకలి పోటు, తునికాకు కట్టలు విసిరే చప్పుడు, వానకు ముందు కప్పల అరుపు ఫోన్లో పట్టుకొచ్చి, వాటిని కోసి, అతికి, తిరగేసి మోగించేవాడు. పెళ్లిళ్లకు పిలుపులు వచ్చాయి. ఇక పోయిన ఎండాకాలం ఒక పెళ్లిలో కొత్త పని చేశాడు. మేనమామ బొజ్జయ్య కొట్టే డోలుకు మైకు పెట్టి, ఆ దెబ్బను ల్యాప్‌టాప్‌లోంచి తిప్పి, గుహలో మోగినట్టు చేసి, తన బీటుతో కలిపి బాక్సుల్లోకి వదిలాడు.

కాసేపటికే బొజ్జయ్య డోలు పుల్ల ఆపేశాడు. డోలు భుజం మీంచి తియ్యకుండానే పందిట్లోంచి బయటికి నడిచాడు.

"మా గుంపుల పెళ్లి దెబ్బ ఒంటి దెబ్బ అన్నా. ఒకదాని ఎంబటి ఒకటి, విడివిడిగ పడాలె. శవాన్ని మోసుకపోయేటప్పుడు మాత్రం జంట దెబ్బ. ఒకటి కొట్టి, దాని తోకనే ఇంకోటి. మామ కొట్టింది ఒంటి దెబ్బనే. బాక్సుల్ల నుంచి మల్లొకసారి వచ్చి అది జంటయింది. పెళ్లిపందిట్ల చావు మోగింది. ముసలమ్మలు నెత్తిన కొంగు కప్పుకున్నరు."

"తర్వాత?"

"కొన్నాళ్లకు ఆ ఇంటి పెద్దాయన పోయిండు. మంచంల ఉన్న మనిషే. గని చెడ్డపేరు నాకొచ్చింది. నా పెట్టెను చావు పెట్టె అంటున్నరు. ఏ గుంపుల పిలుస్తలేరు."

"ఇప్పుడు తొందరేంది?"

"మా చెల్లె పెళ్లి. మేనమామ డోలు మోగకుండ మాకు పెళ్లి మొదలు కాదు. ఆ పెట్టె ఉన్న వాకిట్ల నేను కొట్టనని మామ ఒట్టు పెట్టిండు. సొంత మామనే నా పక్కన కొట్టకపోతే, ఇగ జన్మల నన్ను ఎవ్వరు పిలుస్తరన్నా?"

విశ్రాంతమ్మ టీ గ్లాసులు పెట్టి, వెళ్లబోయి ఆగింది.

"ఏందయ్యా, గా ముసలాయనకు నిజంగనే వినపడ్డదా? డీజేలొచ్చి డోలోళ్ల కడుపు కొట్టిండ్రని కోపమేమో. సాకు దొరికిందని లేచిపోయిండేమో."

చిరంజీవి మొహం ఎర్రబడింది. "మా మామ అసోంటోడు కాదమ్మా."

"అందరి మామలు గట్లనే ఉంటరు బిడ్డా, బయటపడేదాక" అంది ఆమె.

ఆ అనుమానం సంసోనుకూ వచ్చింది. బల్ల మీది బోర్డునీ, కనపడని ముసలాయననీ ఒకే వరుసలో నిలబెట్టి, ముందు బోర్డు పని పట్టాడు.

అతని పద్ధతి మొరటుది. కార్డు బయటికి పంపే రంధ్రంలోంచి ఒక వైరు తీసి, లోపలికి తెచ్చే రంధ్రంలోనే గుచ్చుతాడు. ల్యాప్‌టాప్ నుంచి ఒక "టిక్కు" పంపి, అది చుట్టూ తిరిగి వచ్చాక రికార్డు చేస్తాడు. తెర మీద రెండు గీతలు పడతాయి, పోయినది ఒకటి, వచ్చినది ఒకటి. మధ్యనున్న ఎడమే ఆ కార్డు చేసే ఆలస్యం. కార్డు తన గురించి తాను చెప్పుకునే అంకెను అతను చూడడు.

ఇనప ముక్క పోయిన కార్డులో ఆ ఎడం వేలు పట్టేంత ఉంది.

"తగ్గియ్యొచ్చు గదన్నా, సెట్టింగుల?"

సంసోను తగ్గించి చూపించాడు. వెంటనే బాక్సులో పేలాలు వేగినట్టు చిటపట మొదలైంది.

"ల్యాప్‌టాప్ శబ్దాన్ని దోసిళ్లతోని తోడుతది తమ్మీ. పెద్ద దోసిలైతే నింపాదిగ తోడుతది, గని ఆలస్యం. చిన్న దోసిలైతే జల్దీ, గని చెయ్యి తిరగక నడుమల ఒలుకుతది. గా ఒలికేదే ఈ చిటపట. మంచి కార్డంటే చిన్న దోసిలితోని కూడ ఒలకకుండ తోడేది. మిగిలిందంత డబ్బా మీద రాసుకునే ముచ్చట."

దుకాణంలో ఇంకో కార్డుంది. ఒక చర్చివాళ్లు పెద్దది కొనుక్కుని, పాతది అమ్మిపెట్టమని ఇచ్చిపోయారు. చిరంజీవి దాని వంక ఒకసారి, సంసోను వంక ఒకసారి చూశాడు. తన కార్డును చెడ్డదన్నది దీన్ని అంటగట్టడానికేనన్న మాట అతని కళ్లలో స్పష్టంగా కనిపించింది.

"అడుగు, అడుగు. నోట్ల పెట్టుకోకు."

"అది నీదేనా అన్నా?"

"అమ్ముడువోతే నాకు ఇంత మిగులుతది. అందుకే ముందుగాల దీన్ని సూడాలె" అంటూ దాన్నీ వైరుకు తగిలించాడు. తెర మీద ఆ కార్డు తన ఆలస్యాన్ని చాలా తక్కువ చేసి చెప్పుకుంది. గీతల మధ్య ఎడం మాత్రం అది చెప్పినదానికి రెట్టింపుంది. పైగా బాక్సులకు ఒకటే దారి. జనానికి ఒక పాట వినిపిస్తూ, తర్వాతి పాటను వాయించేవాడు హెడ్‌ఫోన్‌లో విడిగా చూసుకునే వీల్లేదు. సంసోను వైరు పీకి, దాన్ని మళ్లీ బీరువాలో పెట్టాడు. "ఇది కూసుండి పాట రికార్డు చేసేటోనికి పనికొస్తది. నిలబడి వాయించేటోనికి కాదు."

చిరంజీవి అనుమానం అప్పుడు కొంచెం సడలింది. అమ్ముకోగలిగిన సరుకును తిట్టేవాణ్ని అతను అదే మొదటిసారి చూశాడు.

ఇద్దరూ బస్సెక్కి ఖమ్మం వెళ్లారు. మిర్చి యార్డు నుంచి వచ్చే ఘాటుకు చిరంజీవి దారి పొడుగునా తుమ్ముతూనే ఉన్నాడు. బస్టాండుకు దగ్గరలో సంగీత సామాను అమ్మే దుకాణం ఉంది. దుకాణదారు గాజు బీరువా తెరిచి, బిట్లనీ హెర్ట్జులనీ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు.

"ముందు సౌండు వినుండ్రి సార్. అద్దం తీరు ఉంటది."

"సౌండు అన్నిటిదీ బాగనే ఉంటది. ఎప్పుడొస్తది అనేది చెప్పు."

దుకాణదారుకు అర్థం కాలేదు. సంసోను సంచిలోంచి వైరు తీశాడు. చిరంజీవి ల్యాప్‌టాప్ తెరిచాడు. వరసగా నాలుగైదు కార్డులకు టిక్కు పంపారు. వైరు పిన్ను గుచ్చి ఊపి చూశాడు. రంధ్రం పెట్టె రేకుకు నట్టుతో బిగించి ఉందా, లేక లోపలి బోర్డు మీదే ఆనుకుని ఉందా అని వేలితో తడిమాడు. బోర్డు మీద ఆనేదైతే, పెళ్లిలో ఎవడో వైరు తన్నుకున్న రోజునే దాని పని అయిపోతుంది. శబ్దం పెంచే నాబును కొస దాకా తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని గరగర ఉందేమో విన్నాడు.

"కొననీకొచ్చిండ్రా సార్, పోస్టుమార్టం చెయ్యనీకొచ్చిండ్రా?"

"విప్పి సూపిస్తె పోస్టుమార్టం గూడ చేస్త."

"విప్పొద్దు" అన్నాడు దుకాణదారు గట్టిగా. అడుగున మర మీద అంటించిన తెల్ల కాగితాన్ని చూపించాడు. "పనికి రాకపోతే తెచ్చియ్యుండ్రి, తీసుకుంట. ఈ కాగితం చినిగితే మాత్రం మీదే."

చివరికి మిగిలింది ఒక నల్ల రేకు పెట్టె. చిన్న దోసిలితో కూడా చిటపట లేదు. గీతల మధ్య గడ్డిపోచ పట్టేంత ఎడమే ఉంది. బాక్సులకు ఒక దారి, హెడ్‌ఫోన్‌కు వేరే దారి. ఇంకో నాబు కూడా ఉంది. దాన్ని తిప్పితే మైకులో పడిన శబ్దం ల్యాప్‌టాప్‌లోకి పోకుండా, పెట్టెలోంచే నేరుగా బాక్సులకు పోతుంది. సంసోను దాన్ని తీసుకున్నాడు. తెల్ల కాగితం దగ్గర మాత్రం అతని వేలు చాలాసేపు ఆగింది. విప్పకుండా ఒక వస్తువును సంచిలో పెట్టుకోవడం చాలా ఏళ్లకు అదే మొదటిసారి.

ఇప్పలగుంపులో చిరంజీవి ఇంటి వాకిలి విశాలంగా ఉంది. ఒక కొసన, పెళ్లికి కొత్తగా వేసిన పందిరి కింద, వేల్పు రాయి. దాని చుట్టూ గులకరాళ్లతో హద్దు. డోలు కొట్టేవాళ్లు ఆ హద్దులోనే నిలబడాలి. రెండో కొసన, బాట పక్కన ట్రాక్టర్ ట్రక్కు. బాక్సులు ఎప్పుడూ ట్రక్కు మీదే. హద్దు లోపలికి అవి రాకూడదని ఆ గుంపు కట్టడి.

బొజ్జయ్య సన్నగా, వెదురుబద్దలా ఉన్నాడు. సంసోనును పైనుంచి కిందికి చూశాడు.

"ఈయనేనా మిస్త్రీ?"

"అవ్ మామా."

"సారపాక నుంచి గింత దూరం ఊకనే వచ్చిండా?"

"ఊకనే ఎందుకొస్త పెద్దయ్యా? కూలి తీసుకునే వచ్చిన" అన్నాడు సంసోను.

"గట్ల చెప్పు. ఊకనే వచ్చెటోళ్లంటే నాకు భయం."

ఆ మాటకు సంసోనుకు ముసలాయన నచ్చాడు. నచ్చినందుకే ఇంకొంచెం జాగ్రత్తపడ్డాడు.

డోలుకు మైకు కట్టారు. కొత్త కార్డు ట్రక్కు మీద, ల్యాప్‌టాప్ పక్కన ఉంది. ఇది పెళ్లి కాదు, పరీక్షేనని చిరంజీవి ఎన్నో సార్లు చెబితే గానీ బొజ్జయ్య పుల్ల ఎత్తలేదు. ఒకవైపు పుల్ల, ఒకవైపు అరచెయ్యి. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, ఆపేశాడు.

"జంట పడ్తంది."

చిరంజీవి బిక్కచచ్చిపోయాడు. ట్రక్కు దగ్గర నిలబడ్డ సంసోనుకు మాత్రం ఏ జంటా వినపడలేదు. విశ్రాంతమ్మ మాట గుర్తొచ్చింది. ముసలాయనకు వినపడుతోందా, లేక వినపడాలని ఉందా?

"పెద్దయ్యా, జర అటు తిరిగి కొట్టు. నేను ఈడ ఏదో ఒకటి చేస్తుంట. జంట ఉన్నదో లేదో అరిచి చెప్పు."

బొజ్జయ్య ట్రక్కుకు వీపు పెట్టి కొట్టాడు. సంసోను చప్పుడు కాకుండా మైకు మూసేశాడు.

"ఇప్పుడు లేదు."

తెరిచాడు.

"వచ్చింది."

మూసినట్టు నటించి, శబ్దాన్ని కొంచెమే తగ్గించాడు.

"ఉంది. చిన్నగ చేసినవంతే, తియ్యలే" అన్నాడు బొజ్జయ్య, వెనక్కి తిరగకుండానే. "నన్ను పరీక్ష పెడ్తున్నవా మిస్త్రీ?"

"అవ్."

"పెట్టు, పెట్టు."

చివరగా సంసోను ఆ వేరే నాబు తిప్పాడు. ఇక మైకులో పడింది పడ్డట్టు నేరుగా బాక్సులకు పోతుంది. ఆలస్యానికి చోటే లేదు. ముసలాయన ఇప్పుడు దొరుకుతాడనుకున్నాడు.

"జంట ఉంది" అని వినపడింది పందిట్లోంచి.

"ఉండదు పెద్దయ్యా. ఇప్పుడు ల్యాప్‌టాప్ నడుమల లేదు."

"ఉంది."

"ఉండనీకి జాగానే లేదంటున్న గదా!"

డోలు ఆగిపోయింది. బొజ్జయ్య మెల్లగా వెనక్కి తిరిగాడు.

"అయితే నేను అబద్ధం ఆడ్తున్ననా? నీ చెవులు ఆడ పెట్టుకుని నా కాడ వినపడేది ఎట్ల చెప్తవు? ఈడికి రా."

సంసోను కార్డును అనుమానించాడు, అమ్మినవాణ్ని అనుమానించాడు, ముసలాయననూ అనుమానించాడు. తాను నిలబడ్డ చోటును మాత్రం అనుమానించలేదు. వాకిలి దాటి వెళ్లి, హద్దురాళ్లకు ఇవతల, బొజ్జయ్య పక్కగా నిలబడ్డాడు. పుల్ల పడింది. ధన్ అంది డోలు. దాని తోకనే, వాకిలి అవతలి కొస నుంచి, ఇంకో ధన్ వచ్చింది.

అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. పుట్టి పెరిగింది గోదావరి ఒడ్డున. ఏటి మధ్య ఇసుకతిన్నె మీద చాకలి బట్టను బండకేసి కొట్టడం ముందు కనిపించి, ఆ చప్పుడు తర్వాత వినపడటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. దుకాణంలో కార్డును పరీక్షించినప్పుడు బాక్సు చేతికందే దూరంలో ఉంది. ఇక్కడ అది వాకిలి అవతల. అంత దూరం నడిచి రావడానికి చప్పుడుకూ కొంత సేపు పడుతుంది. ఏ కార్డు కొన్నా ఆ నడక తగ్గదు. ట్రక్కు దగ్గర బాక్సు హోరులో అసలు డోలు మునిగిపోయింది గనుకే తనకు జంట వినపడలేదు.

"నీది నిజమే పెద్దయ్యా. నాదే తప్పు."

"ఆ మాట ఇంకోసారి అను, మా అల్లుడు కూడ వినాలె" అన్నాడు బొజ్జయ్య. కానీ మొహంలో బిగువు తగ్గింది.

"బాక్సులు నీ పక్కకు తేవాలె. అదొక్కటే దారి."

"హద్దు దాటొద్దు."

"ఎందుకు దాటొద్దు? సరింగ చెప్పు. చప్పుడుకా, కరెంటుకా, దేనికి?"

ఆ ప్రశ్న బొజ్జయ్యను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. డీజేలు వచ్చినప్పటి నుంచీ దాటొద్దంటే దాటలేదు, అంతే. అతను గడ్డం గోక్కున్నాడు.

"హద్దు లోపల వేల్పు ఒక్కటే నేల మీద కూసుంటది. ఇంకేదీ కూసోవద్దు. మనుషులు నిలబడాలె. నా డోలు ఎప్పుడన్న కింద పెట్టంగ చూసినవా? భుజాన ఏలాడాల్సిందే."

సంసోను తలెత్తి పందిరి దూలాల వంక చూశాడు. చేత్తో పట్టి ఊపాడు. టేకువి, కదల్లేదు.

"ఏలాడితే పర్వాలేదా?"

బొజ్జయ్యకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంకెక్కడైనా మోసం ఉందేమోనని రాయి వంకా, దూలం వంకా, సంసోను వంకా చూశాడు. "నేలకు ఆనొద్దు" అన్నాడు చివరికి.

మోకులు తెచ్చి రెండు బాక్సులనూ దూలానికి వేలాడదీశారు. వాటి మొహాలు జనం కూర్చునే వైపుకు, వీపు మైకు వైపుకు ఉండేలా సంసోను తిప్పి కట్టాడు. లేకపోతే మైకు కూతపెడుతుంది. ల్యాప్‌టాప్ బల్ల హద్దుకు ఆనుకుని బయటే ఉంది. మళ్లీ ముసలాయన్ని అటు తిరిగి నిలబడమన్నాడు. సంచిలో తెచ్చిన చర్చి కార్డును ముందు తగిలించాడు. ఏది పెట్టాడో చిరంజీవికి కూడా చెప్పలేదు.

బొజ్జయ్య కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. "జంటనే. సన్నగైంది, గని ఉంది."

వైరు మార్చి, నల్ల రేకు పెట్టె తగిలించాడు. శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోంచే తిప్పాడు, చిరంజీవి కోరుకున్న గుహ మోతతో సహా.

ఒక దెబ్బ. ఇంకొకటి. బొజ్జయ్య జంట అనలేదు. కొడుతూనే ఉన్నాడు. దెబ్బ మీద దెబ్బ విడివిడిగా, గింజ గింజా రాలినట్టు పడుతోంది. దాని వెనక గుహ మోత పొగలా లేచి పోతోంది గానీ దెబ్బకు తోక కావడం లేదు. చిరంజీవి సంసోను వంక చూశాడు. సంసోను తల ఊపాడు. రోకలి పోటుతో కట్టిన బీటు మెల్లగా కిందనుంచి వచ్చి డోలుతో కలిసింది. బొజ్జయ్య వీపు ఒక్కసారి బిగుసుకుంది. మరుక్షణం భుజాలు వదులై, అరచెయ్యి వేగం పెంచింది.

చిరంజీవి తల్లి జంపక్క చాట చేత్తో పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. నెత్తిన కొంగు లేదు. కాలి మడమ దానంతటదే లేచి పడుతోంది.

"ఏంది తమ్ముడా, పిల్ల పెళ్లి ఇయ్యాలనే చేస్తున్నవా?"

బొజ్జయ్య పుల్ల ఆపి వెనక్కి తిరిగాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఒట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. నల్ల పెట్టె దగ్గరికి వచ్చి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"మొదటి పెట్టెల ఇనప ముక్క ఉండెనంట గదా. దీంట్ల లేదని ఏంది నమ్మకం?"

అది సంసోను ప్రశ్నే. ఖమ్మం నుంచి వచ్చిన రోజు నుంచీ తనను లోపల తొలుస్తున్నదే.

"విప్పి చూపియ్యొచ్చు పెద్దయ్యా. గని కాగితం చినిగితే దుకాణపాయన వాపస్ తీసుకోడు." చిరంజీవి వైపు తిరిగాడు. "నీ ఇష్టం తమ్మీ. ఇంకా ఆలోచించుకుంటనంటే ఇప్పుడే చెప్పు."

చిరంజీవి మామ మొహం చూశాడు. పైన వేలాడుతున్న బాక్సులను చూశాడు.

"చించన్నా" అన్నాడు. ఫోను జేబులోనే ఉంది.

సంసోను గోటితో తెల్ల కాగితాన్ని చించాడు. నాలుగు మరలు విప్పి మూతలో వేసి, రేకు లేపాడు. ముగ్గురి తలలూ ఒక్కచోట చేరాయి. పచ్చ బోర్డు పెట్టె నిండా ఉంది. సోల్డరింగు చుక్కలు ఆవగింజల్లా ఒకే తీరుగా ఉన్నాయి. ప్రతి రంధ్రం నట్టుతో రేకుకు బిగించి ఉంది. ఇనప ముక్క లేదు. బొజ్జయ్య దగ్గరగా వంగి వాసన కూడా చూశాడు.

"సరే, మూసెయ్" అన్నాడు.

సంసోను మరలు బిగించాడు. నాబును ఎక్కడి దాకా తిప్పాలో అక్కడ తెల్లరంగుతో ఒక చుక్క పెట్టాడు. ఇంటి నుంచి చేసి తెచ్చిన చెక్కపలకకు కార్డును బిగించి, పలక కొసల్లో రంధ్రాలు పొడిచి, తాడు దూర్చి ముడివేశాడు. ముడిని రెండుసార్లు లాగి చూశాడు.

"బాక్సుల పక్కన దీన్ని కూడ ఏలాడదియ్యి. నేలకు ఆననియ్యకు" అంటూ పలకను చిరంజీవి చేతుల్లో పెట్టాడు.